జీతం పెరిగితే చాలా? – ఖరీదైన ఊరికి కాపురం మార్చే ముందు వేసుకోవలసిన లెక్కలు

ప్రతి ఏడూ మే నెల వచ్చేసరికి మన బడి వరండాలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "మాకు బే ఏరియాలో ఆఫర్ వచ్చిందండీ, వెళ్ళాలో వద్దో తేలటం లేదు!" వేసవి సెలవులు అయ్యేసరికి వాళ్ళలో కొందరు సామాను సర్దుకుంటారు, కొందరు ఇక్కడే ఉండిపోతారు. వెళ్ళినవాళ్ళంతా తెలివైనవాళ్ళనీ కాదు, ఉండిపోయినవాళ్ళంతా భయస్తులనీ కాదు. ఎవరి లెక్క వాళ్ళది. చిక్కల్లా ఎక్కడంటే, చాలామందిమి ఆ లెక్కని ఆఫర్ లెటర్‌లోని మొదటి అంకె దగ్గరే ఆపేస్తాం.

పోయిన ఏడాది ఈ ప్రశ్న మా ఇంటికీ వచ్చింది. మాకు ఆరేళ్ళ పాప, రెండేళ్ళు దాటిన బాబు. మాలో ఒకరికి సన్నీవేల్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. రెండోవారు ఇక్కడ ఆసుపత్రిలో నర్సు, అదీ హెచ్-4 మీద వచ్చిన పని అనుమతితో. జవాబు చెప్పడానికి మూడు వారాలు గడువిచ్చారు. ఆ మూడు వారాలూ పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని మేము వేసుకున్న లెక్కలు ఇంకో నాలుగు కుటుంబాలకి పనికొస్తాయేమోనని ఇక్కడ రాస్తున్నాం. మేము టాక్స్ నిపుణులమూ కాము, లాయర్లమూ కాము. మీ అంకెలు మీ సి.పి.ఏ. చేత, మీ వీసా సంగతి మీ లాయరు చేత ఒకసారి చూపించుకోండి.

పెరిగిన జీతంలో చేతికొచ్చేది ఎంత?

ఉదాహరణకి ఒక కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక్కరి సంపాదన. డాలస్‌లో జీతం 1,50,000 డాలర్లు, బే ఏరియాలో 2,00,000. వినగానే 50 వేలు లాభం అనిపిస్తుంది. 2025 రేట్ల ప్రకారం చూస్తే ఆ 50 వేలలో ఫెడరల్ టాక్స్ 22% చొప్పున 11 వేలు పోతుంది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి ఇంకో రెండు వేల పైచిలుకు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియాలో ఉంది, అది పెరిగిన 50 వేల మీదే కాదు, మొత్తం రెండు లక్షల మీదా పడుతుంది. అది సుమారు 9 వేల పైన. దానికి తోడు ఎస్.డి.ఐ. అనే రాష్ట్ర బీమా 2025లో జీతంలో 1.2%, అంటే 2,400. ఇంతకుముందు దీనికి ఒక గరిష్ఠ పరిమితి ఉండేది, 2024 జనవరి నుంచి ఆ పరిమితి ఎత్తేశారు.

అన్నీ తీసేస్తే 50 వేలలో మిగిలేది సుమారు 25 వేలు. నెలకి రెండు వేల చిల్లర. కొత్త ఊళ్ళో పెరిగే ఖర్చులన్నీ ఈ రెండు వేలలోనే ఇమడాలి. ఈ ఒక్క అంకె కాగితం మీద రాసుకున్న రోజున మా ఇంట్లో మాటల ధోరణే మారిపోయింది.

ఆఫర్‌లో షేర్లు కూడా ఉంటాయి కదా అంటారా? ఉంటాయి. సాధారణంగా నాలుగేళ్ళలో విడతలుగా చేతికొస్తాయి. వచ్చిన రోజున వాటి విలువని జీతంగానే లెక్కగట్టి పన్ను వేస్తారు. పైగా షేరు ధర మన చేతుల్లో ఉండదు. 2022లో మెటా షేరు ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడిపోయింది, మళ్ళీ 2023లో లేచింది. లేచేదాకా ఆగగలిగినవాళ్ళకి నష్టం లేదు. ఆ షేర్లు అమ్మి అద్దె కట్టుకోవలసినవాళ్ళ సంగతి వేరు. అందుకని మేము ఒక నియమం పెట్టుకున్నాం: నెల ఖర్చు అంతా జీతంతోనే జరగాలి, షేర్లని పొదుపు కిందే చూడాలి. అన్నట్టు, కంపెనీ ఇచ్చే తరలింపు ఖర్చు కూడా 2018 నుంచి పన్ను పడే ఆదాయమే. పదివేలు ఇస్తామంటే పన్ను కూడా వాళ్ళే భరిస్తారో లేదో ముందే అడగండి.

అద్దె, సొంత ఇల్లు

మేము సన్నీవేల్, ఫ్రీమాంట్‌ల చుట్టుపక్కల రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్లు చూశాం. మా కంటికి నచ్చినవాటిలో ఎక్కువ భాగం నెలకి 3,500 డాలర్ల పైమాటే. అద్దెకుండేవాళ్ళకి అక్కడ కొంత రక్షణ ఉంది. 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం 15 ఏళ్ళు దాటిన చాలా అపార్ట్‌మెంట్లలో ఏడాదికి అద్దె 5% మీద ధరల పెరుగుదల కలిపి పెంచవచ్చు గాని, ఎంత పెంచినా 10% మించకూడదు. అయితే ఒక వ్యక్తి సొంతంగా అద్దెకిచ్చే విడి ఇళ్ళలో చాలావాటికి ఈ చట్టం వర్తించదు. సంతకం పెట్టే ముందు ఇది కనుక్కోవాలి. 2024 జులై నుంచి డిపాజిట్ కూడా, చిన్న యజమానులకిచ్చిన మినహాయింపు తప్ప, ఒక నెల అద్దెకి మించి అడగకూడదు.

కొనాలంటే? ఉదాహరణకి 15 లక్షల డాలర్ల ఇల్లు. 20% చొప్పున ముందు 3 లక్షలు కట్టాలి. మిగతా 12 లక్షలు 30 ఏళ్ళకి 6.5% వడ్డీ మీద తీసుకుంటే నెలకి దాదాపు 7,600. ప్రాపర్టీ టాక్స్ 1.2% దాకా పడుతుందనుకుంటే ఇంకో 1,500. బీమా, రిపేర్లు అదనం. భూకంపానికి విడిగా పాలసీ తీసుకోవాలి, మామూలు ఇంటి బీమాలో అది రాదు. మొత్తం 9 వేలు దాటుతుంది. ఇంకో సంగతి, వడ్డీ మీద పన్ను మినహాయింపు అప్పులో 7,50,000 వరకే.

కాలిఫోర్నియా ప్రాపర్టీ టాక్స్‌కి ఒక పెద్ద కథ ఉంది. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 ప్రకారం మూల పన్ను 1%, ఇంటి విలువని పన్ను కోసం ఏడాదికి 2% కన్నా ఎక్కువ పెంచకూడదు. అంటే 30 ఏళ్ళ క్రితం కొన్న పక్కింటాయన పాత ధర మీద కడతాడు, నిన్న కొన్న మనం ఇవాళ్టి ధర మీద కడతాం. రెండు ఇళ్ళూ ఒకేలా ఉన్నా సరే! ఇది అన్యాయంలా అనిపించినా, ఎక్కువ ఏళ్ళు ఉండేవాళ్ళకి లాభమే. మన టెక్సస్‌లో రేటు ఎక్కువ, పైగా సొంతానికి ఉంటున్న ఇంటి విలువని ఏడాదికి 10% దాకా పెంచగలరు. కాబట్టి రెండు మూడేళ్ళు ఉండి చూద్దామనుకునేవాళ్ళకి అక్కడ ఇల్లు కొనటం భారం. పదిహేనేళ్ళు ఉండేవాళ్ళకి లెక్క తిరగబడుతుంది.

ఇక్కడ ఉన్న ఇంటి సంగతి కూడా మర్చిపోకూడదు. 2021లో 30 ఏళ్ళ అప్పు 3% చుట్టూ దొరికింది. 2023 అక్టోబరులో 7% దాటింది. మూడు లక్షల అప్పుకి 3% అయితే నెలకి 1,265, అదే 6.5% అయితే 1,896. పాత ఇల్లు అమ్మితే ఆ పాత వడ్డీ రేటు కూడా పోతుంది, మళ్ళీ అడిగితే దొరకదు. అమ్మకుండా అద్దెకిస్తే హోమ్‌స్టెడ్ మినహాయింపు పోయి పన్ను పెరుగుతుంది. కాకపోతే చివరి ఐదేళ్ళలో రెండేళ్ళు ఆ ఇంట్లో ఉండి ఉంటే, అమ్మినప్పుడు దంపతులకి 5 లక్షల దాకా లాభం మీద ఫెడరల్ పన్ను పడదు. అంటే అద్దెకిచ్చి వెళ్ళినా, తేల్చుకోవడానికి దాదాపు మూడేళ్ళ వ్యవధి ఉంటుంది.

పిల్లల వయసే అసలు కొలత

ఒకే ఊరు, ఒకే జీతం. అయినా పిల్లలకి రెండేళ్ళప్పుడు వెళ్ళటం వేరు, నాలుగేళ్ళు నిండాక వెళ్ళటం వేరు. కాలిఫోర్నియా డేకేర్ కేంద్రాల్లో నలుగురు పసిపిల్లలకి ఒక టీచరు ఉండాలి. కొంచెం పెద్దపిల్లలకి వచ్చేసరికి పన్నెండుమందికి ఒకరు. అక్కడి జీతాలనీ, అద్దెలనీ నలుగురి ఫీజుతో లాక్కురావాలంటే ఆ ఫీజు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇద్దరు చిన్నపిల్లలుంటే పైన మిగిలిన రెండు వేలూ డేకేర్ గుమ్మం దగ్గరే ఖర్చయిపోతాయి.

అదే రాష్ట్రంలో 2025-26 విద్యా సంవత్సరం నుంచి, సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్ళు నిండిన ప్రతి బిడ్డకీ ప్రభుత్వ బడిలో ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ ఉచితం. బడి అయ్యాక సాయంత్రం చూసుకోవటానికి ఖర్చుంటుంది గాని రోజంతా డేకేర్ ఫీజు తప్పుతుంది. మన టెక్సస్‌లో నాలుగేళ్ళ పిల్లలకి ఉచిత ప్రీ-కె అందరికీ లేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి, ఇంగ్లీషు ఇంకా రాని పిల్లలకి, ఇలా కొన్ని వర్గాలకే. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలున్నవాళ్ళు తమ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని ఒకసారి అడిగి చూడటంలో తప్పులేదు.

ఇంకొక మాట. కడుపుతో ఉన్నవాళ్ళు, త్వరలో బిడ్డని కనాలనుకునేవాళ్ళు కాలిఫోర్నియా పెయిడ్ ఫామిలీ లీవ్ గురించి తెలుసుకోండి. తల్లికైనా తండ్రికైనా ఎనిమిది వారాల దాకా, 2025 నుంచి వేతనంలో 70 నుంచి 90% దాకా, ఒక పరిమితికి లోబడి రాష్ట్రం ఇస్తుంది. పైన చెప్పిన ఎస్.డి.ఐ. కోత దీనికి కూడా వెళుతుంది. టెక్సస్‌లో ఇలాంటి రాష్ట్ర పథకం లేదు. ఖరీదైన ఊరంటే తీసుకునేదే గాని ఇచ్చేది ఏమీ లేదనుకోవటం సరికాదు.

"పిల్లలు బర్కిలీలో చదువుకోవాలి, అందుకే ఇప్పుడే వెళ్ళాలి" అని కూడా కొందరంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో రాష్ట్రవాసుల ఫీజుకి ఏడాది పైన ఒక్క రోజు, అంటే 366 రోజుల నివాసం ప్రధానమైన షరతుల్లో ఒకటి. దానికోసం రెండేళ్ళ పిల్లాడిని చంకనేసుకుని పరిగెత్తనక్కరలేదు.

గంటల లెక్క

ఇల్లు చవగ్గా దొరకాలంటే దూరం పోవాలి. ట్రేసీ, మౌంటెన్ హౌస్ లాంటి ఊళ్ళలో అదే ధరకి పెద్ద ఇల్లు వస్తుంది. కాని అక్కడి నుంచి 580 రోడ్డు మీద ఆల్టమాంట్ కనుమ దాటి సిలికాన్ వ్యాలీకి రావాలి. స్టాక్‌టన్ నుంచి ట్రేసీ, ప్లెజంటన్, ఫ్రీమాంట్ మీదుగా శాన్ హోజే వెళ్ళే ఏస్ రైలు ఉంది గాని, పొద్దున ఆ వైపు, సాయంత్రం ఈ వైపు, కొన్ని బళ్ళే. రాకపోకలకి రోజుకి రెండున్నర గంటలు అనుకుందాం. ఏడాదికి 240 పనిదినాలైతే 600 గంటలు. అంటే నిద్రతో సహా 25 పూర్తి రోజులు. అవి పిల్లలకి అన్నం పెట్టే గంటలు, పక్కలో పడుకోబెట్టుకుని కథ చెప్పే గంటలు. మన బడి హోంవర్కు చేయించే గంటలు కూడా అవే!

వారంలో మూడు రోజులే ఆఫీసు అని ఆఫర్ ఇచ్చేటప్పుడు చెప్పినా, ఆ నియమం మారదని ఎవరూ పూచీ ఇవ్వరు. అందుకని మేము ఐదు రోజులూ వెళ్ళాల్సి వస్తుందనుకునే ఇల్లు వెతికాం.

వీసా మీద ఉన్నవాళ్ళకి

2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం హెచ్-1బి మీద ఉన్నవాళ్ళ ఉద్యోగం పోతే, గరిష్ఠంగా 60 రోజుల్లో కొత్త యజమాని పిటిషన్ వెయ్యాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. ఆ గడువు దృష్టితో చూస్తే బే ఏరియాకి ఒక పెద్ద బలం ఉంది. కంపెనీలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇల్లు మారకుండా, పిల్లల బడి మార్చకుండా ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. పోటీ కంపెనీలో చేరకూడదనే ఒప్పందాలు కూడా ఆ రాష్ట్రంలో చాలామటుకు చెల్లవు. అదే దృష్టితో చూస్తే ఒక పెద్ద బలహీనత కూడా ఉంది. నెలకి 9 వేల వాయిదా ఉన్నవాళ్ళకి 60 రోజులంటే 18 వేల డాలర్లు! చేతిలో ఆరు నెలల ఖర్చు లేకుండా అక్కడ ఇల్లు కొనటం మా ధైర్యానికి మించిన పని.

కంపెనీ మారితే గ్రీన్ కార్డుకి పెర్మ్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. పాత ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు గడిచి ఉంటే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్‌కీ, హెచ్-1బి పొడిగింపులకీ అది పనికొస్తుంది. గడవకపోతే ఆగి ఆలోచించాలి. హెచ్-4 మీద పనిచేసే భార్యకైనా భర్తకైనా 2015 నుంచి ఇస్తున్న అనుమతి కూడా ఎక్కువమందికి ఆ ఐ-140 మీదే ఆధారపడింది. ఒకరి బదిలీ రెండోవారి ఉద్యోగాన్ని ఊపేస్తుంది.

రెండోవారి ఉద్యోగం అంటే గుర్తొచ్చింది. టెక్సస్ నర్సు లైసెన్సు చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది గాని కాలిఫోర్నియా ఆ ఒప్పందంలో లేదు. విడిగా దరఖాస్తు పెట్టుకుని, వచ్చేదాకా ఆగాలి. వచ్చాక మాత్రం దేశంలోకెల్లా నర్సులకి ఎక్కువ జీతాలిచ్చే రాష్ట్రం అదే. టీచర్లకి, ఫార్మసిస్టులకి, దంతవైద్యులకి కూడా ఎవరి లైసెన్సు గొడవ వాళ్ళకుంటుంది. మొదటి ఆరు నెలలు ఒక్క జీతంతో నడుస్తుందా అన్నది ముందే చూసుకోవాలి.

మనుషులు, భాష

తెలుగు పోతుందేమో అన్న బెంగ బే ఏరియాకి సంబంధించినంతవరకు అక్కరలేదు. సిలికానాంధ్ర పుట్టిందే అక్కడ, 2001లో. మనబడి మొదలైందీ అక్కడే, 2007లో. లివర్‌మోర్ శివ-విష్ణు ఆలయం, ఫ్రీమాంట్, సన్నీవేల్ గుళ్ళు, కూచిపూడి గురువులు, గోంగూర దొరికే కొట్లు, దేనికీ లోటు లేదు. రెంటచింతలని గుర్తుచేసే మన డాలస్ ఎండలూ ఉండవు. పిల్లలు ఏడాది పొడుగునా పార్కులో ఆడుకోవచ్చు.

పోయేది భాష కాదు, మనుషులు. అర్ధరాత్రి బాబుకి జ్వరం వస్తే పాపని మా ఇంట్లో పడుకోబెట్టుకుంటామని వచ్చే పక్కింటి పిన్నిగారు, శనివారం బడికి నలుగురు పిల్లల్ని ఒకే కారులో తెచ్చే అన్నయ్యగారు. ఇలాంటివాళ్ళు డబ్బుకి దొరకరు, రెండు మూడేళ్ళ కాలానికి దొరుకుతారు. వెళ్ళిన చోట కూడా దొరుకుతారు. కాని ఆ రెండు మూడేళ్ళు మన పిల్లల ఏ వయసులో పడతాయన్నది చూసుకోవాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఆరు నెలలుంటే రెండు బెడ్‌రూముల్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో కూడా ఆలోచించండి. "హాల్లో పడుకుంటాంలే" అని పెద్దవాళ్ళు అంటారు, మోకాళ్ళ నొప్పులతో నిజంగానే పడుకుంటారు. మరుసటి ఏడు రమ్మంటే మాత్రం ఏదో ఒక సాకు చెబుతారు.

మేమేం తేల్చుకున్నాం?

చివరికి మేము ప్రతి విషయాన్నీ రెండు వరుసల్లో రాసుకున్నాం. మొదటి వరుసలో వెనక్కి తీసుకోగలిగేవి: అద్దె ఇల్లు, పాప బడి, ఉద్యోగం. రెండో వరుసలో తీసుకోలేనివి: 3% అప్పు, హెచ్-4 పని అనుమతి, పిల్లల చిన్నతనంలో కమ్యూటుకి ఖర్చయ్యే గంటలు, వచ్చే చలికాలం మా ఇంటికి రాబోతున్న నాయనమ్మకి కావలసిన గది. అప్పటికి మా ఐ-140 అప్రూవ్ అయి నాలుగు నెలలే అయింది. రెండో వరుసలోని నాలుగూ ఒకేసారి కదులుతున్నాయి. ఈ ఏడాదికి వద్దనుకున్నాం. మంచి ఆఫర్ వదులుకున్నందుకు బాధ లేదని చెప్పం, కొన్ని రోజులు ఇల్లంతా నిశ్శబ్దంగానే ఉంది.

మా చిన్నవాడికి 2027 సెప్టెంబరు 1 లోపు నాలుగేళ్ళు నిండుతాయి. ఈలోగా కాలిఫోర్నియా నర్సు లైసెన్సుకి దరఖాస్తు పెట్టి ఉంచుతున్నాం. అప్పుడు మళ్ళీ ఆఫర్ వస్తే ఇదే కాగితం తీసి అంకెలు మారుస్తాం. జవాబు కూడా మారవచ్చు. మన బడి నుంచే వెళ్ళి, బిడ్డ టి.కె.లో చేరాక అక్కడ హాయిగా స్థిరపడ్డ కుటుంబమూ ఉంది. వాళ్ళ రెండో వరుసలో అన్నీ కుదురుగా ఉన్నాయి కాబట్టి వాళ్ళకది సరైన నిర్ణయం.

ఆఫర్ వచ్చినవాళ్ళు అడుక్కోవలసిన ప్రశ్నలు

1. పన్నులన్నీ పోగా నెలకి నిజంగా పెరిగేది ఎంత? అద్దె, డేకేర్ తేడాలు అందులో పడతాయా?
2. షేర్లు లేవనుకున్నా ఇల్లు నడుస్తుందా?
3. చిన్న బిడ్డకి ఉచిత బడి ఎన్ని నెలల్లో మొదలవుతుంది?
4. ఐదు రోజులూ ఆఫీసుకి వెళ్ళినా సాయంత్రం పిల్లలతో కలిసి భోజనం చెయ్యగలమా?
5. ఉద్యోగం పోతే 60 రోజులు, ఆపైన ఇంకో నాలుగు నెలలు గడిచే డబ్బు ఉందా?
6. రెండోవారి ఉద్యోగం, అనుమతి, లైసెన్సు ఏమవుతాయి?
7. ఏడాది అద్దెకుండి, నచ్చకపోతే వెనక్కి రాగలిగే దారి ఉందా?

ఏడో ప్రశ్నకి "ఉంది" అని జవాబొస్తే మిగతావాటిలో ఒకటి రెండు అటూ ఇటూ అయినా ధైర్యంగా వెళ్ళిరండి. "లేదు" అని వస్తే, జీతం ఎంతైనా ఇంకోసారి ఆలోచించండి. దంపతులిద్దరూ కలిసి, ఒకరికొకరు దాచుకోకుండా ఈ కాగితం నింపండి. వెళ్ళేవాళ్ళకి మన బడి తరఫున శుభాకాంక్షలు. ఉండేవాళ్ళకి వచ్చే శనివారం ఉదయం క్లాసు మామూలే!